ప్రభుత్వ నిజాయితీని పరీక్షించడం ఎలా? – 1 సమూయేలు 12:1–5 వెలుగులో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

లంచాన్ని గురించి మన ప్రసంగ వేదికల మీద తరచుగానే మాట్లాడుతుంటాం. అయితే ఆ ప్రసంగాలలో ఎక్కువ భాగం లంచం పుచ్చుకొనే వ్యక్తి హృదయాన్ని గురించినవే. అధికారి మారుమనస్సు పొందితే కార్యాలయం బాగుపడుతుందనీ, మంచివాడు ఎన్నికైతే ప్రభుత్వం మంచిదవుతుందనీ మన భావన. ఇది అబద్ధం కాదు, గాని సగం సత్యం మాత్రమే. మిగిలిన సగాన్ని పరిశుద్ధ గ్రంథమే మన ముందు ఉంచుతోంది. వ్యక్తి నీతిమంతుడైనంత మాత్రాన వ్యవస్థ నీతిగలదని చెప్పలేం. వ్యవస్థను వేరుగా పరీక్షించాలి. ఆ పరీక్ష ఏ ప్రశ్నలతో చేయాలి, సంఘ కాపరికి అందులో పాత్ర ఏమిటి అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

ఈ ప్రశ్న మన ప్రాంతంలో ఊరికే పుట్టినది కాదు. హైదరాబాద్ - విజయవాడ జాతీయ రహదారి బాహ్య వలయ రహదారిని కలిసే చోట ఉన్న పెద్ద అంబర్‌పేట్ రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోనిది. ఆ మండల తహశీల్దారు విజయారెడ్డిగారిని 2019 నవంబరు 4న ఆమె కార్యాలయంలోనే, భూమి పాస్ పుస్తకం విషయమై ఆగ్రహంతో వచ్చిన ఒక వ్యక్తి పెట్రోలు పోసి సజీవదహనం చేశాడు. ఆమెను కాపాడబోయిన డ్రైవరు గురునాథం కాలిన గాయాలతో మరణించాడు. దాడి చేసిన వ్యక్తి కూడా కొద్ది రోజులకే చనిపోయాడు. ఆ హత్యకు ఏ ఫిర్యాదూ సమర్థన కాజాలదు. ఆమె మీద నిందవేయడానికి ఇక్కడ ఈ సంగతి ప్రస్తావించడం లేదు. అడిగినవానికి జవాబు ఎక్కడ దొరుకుతుందో, జవాబు నచ్చకపోతే ఎవరి దగ్గరకు వెళ్ళాలో తెలియని చోట అధికారి ప్రాణానికీ సామాన్యుని ప్రాణానికీ కూడా భద్రత ఉండదని ఆ మరణాలు మనకు గుర్తుచేస్తున్నాయి. పారదర్శకత పేదవానికి ఎంత రక్షణో నిజాయితీగల ఉద్యోగికి కూడా అంతే రక్షణ.

1. సమూయేలు పరీక్షకు నిలబడిన విధానం

1 సమూయేలు 12:1-5లో వృద్ధుడైన సమూయేలు అధికారాన్ని సౌలుకు అప్పగిస్తూ ఇశ్రాయేలీయులందరి ఎదుట లెక్క ఒప్పజెబుతున్నాడు. ఎవరి ఎద్దును తీసుకొన్నాను, ఎవరి గాడిదను పట్టుకొన్నాను, ఎవరికి అన్యాయం చేశాను, ఎవరిని బాధపెట్టాను, కన్నులు మూసుకోవడానికి ఎవరి దగ్గర లంచం పుచ్చుకొన్నాను అని అడుగుతున్నాడు. ఈ భాగంలో ఐదు సంగతులు గమనించాలి.

మొదటిది, లెక్క బహిరంగంగా జరిగింది. రెండవది, ప్రశ్నలు నిర్దిష్టమైనవి. "నేను మంచివాడనే కదా" అని ఆయన అడగలేదు. ఎద్దు, గాడిద అని వస్తువుల పేర్లు చెప్పాడు. మూడవది, సాక్షులుగా యెహోవాతోపాటు అభిషిక్తుడైన రాజు కూడా ఉన్నాడు. అంటే తన చేతి క్రింద లేని మరొక అధికారం ఎదుట నిలిచాడు. నాల్గవది, తప్పు తేలితే తిరిగి ఇచ్చివేస్తానని మాట ఇచ్చాడు. ఐదవది, జనులు నిర్భయంగా జవాబు చెప్పగలిగారు.

ఇక్కడ "లంచం" అని అనువదించబడిన హెబ్రీ పదం "కోఫెర్". సాధారణంగా ఇది ప్రాణానికి బదులుగా చెల్లించే విమోచన క్రయధనాన్ని సూచిస్తుంది (నిర్గమకాండము 30:12). లంచానికి ఎక్కువగా వాడబడే పదం "షోహద్". దృష్టిగలవారికి గ్రుడ్డితనం కలిగించేదని నిర్గమకాండము 23:8 చెప్పేది దీనిని గురించే. మూడవ పదం "బెత్సా", అంటే అన్యాయపు లాభం. న్యాయాధిపతులుగా దీనిని ద్వేషించేవారినే ఏర్పరచుకొమ్మని యిత్రో మోషేకు సలహా ఇచ్చాడు (నిర్గమకాండము 18:21). సమూయేలు కుమారులు "బెత్సా" వెంట పోయి "షోహద్" పుచ్చుకొన్నారని 1 సమూయేలు 8:3 చెబుతోంది.

ఆ కుమారుల సంగతే మన చర్చకు కీలకం. సమూయేలు ప్రతి సంవత్సరం బేతేలు, గిల్గాలు, మిస్పా తిరిగి, తన ఊరైన రామాకు వచ్చి న్యాయం తీర్చేవాడు (7:16-17). కుమారులు న్యాయం తీర్చినది దక్షిణాన చివరనున్న బెయేర్షెబాలో (8:2). ఆ ఊరు తండ్రి తిరిగే మార్గంలో పేర్కొనబడలేదు. నియమించినవాడు పరిశుద్ధుడే, నియమించబడినవారు ఆయన ఇంటిలో పెరిగినవారే, అయినా పర్యవేక్షణ చేరని చోట న్యాయం అమ్ముడుపోయింది. ఒక ప్రభుత్వాన్ని అంచనా వేసేటప్పుడు రామాను మాత్రమే చూసి సంతృప్తి చెందకూడదు, బెయేర్షెబాకు వెళ్ళి చూడాలి. మన భాషలో చెప్పాలంటే రాజధానిలోని ప్రకటనలను కాదు, మండల కార్యాలయపు కిటికీ దగ్గర ఏమి జరుగుతోందో చూడాలి.

2. లోకం వాడే కొలతలు

ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ అనే సంస్థ 1995 నుండి దేశాల అవినీతి సూచికను ప్రకటిస్తోంది. 100 మార్కులు వస్తే స్వచ్ఛమైన పాలన, సున్నా వస్తే పూర్తి అవినీతి. 2024 సూచికలో భారతదేశానికి 38 మార్కులు, 180 దేశాలలో 96వ స్థానం వచ్చాయి. ఈ సంఖ్యను ప్రసంగాలలో వాడేవారు దాని పరిమితిని కూడా తెలుసుకోవాలి. ఇది నిపుణుల, వ్యాపార వర్గాల అభిప్రాయాల నుండి కూర్చిన సూచిక. పింఛను కోసం నిలబడిన విధవరాలి అనుభవాన్ని కొలిచినది కాదు. ఏ కార్యాలయాన్ని ఎలా బాగుచేయాలో కూడా ఇది చెప్పదు.

మనకు ఎక్కువగా ఉపయోగపడేది అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ క్లిట్‌గార్డ్ 1988లో ప్రతిపాదించిన సూత్రం. ఒక పని చేసిపెట్టే అధికారం ఒక్కరి చేతిలోనే ఉండి, చేయాలో వద్దో నిర్ణయించే స్వేచ్ఛ కూడా వారికే ఉండి, జవాబుదారీతనం లేకపోతే అక్కడ అవినీతి పెరుగుతుంది. ఈ సూత్రాన్ని పట్టుకొని సమూయేలు సభలోని ఐదు సంగతులను ఐదు ప్రశ్నలుగా మార్చి, మన రాష్ట్రంలోని ఏర్పాట్లను పరిశీలిద్దాం.

3. ఐదు ప్రశ్నలు

(అ) అడగకుండానే కనబడుతోందా?

బాప్తిస్మమిచ్చు యోహాను సుంకరులతో ఉద్యోగం మానుకొమ్మని చెప్పలేదు, నిర్ణయించబడిన దానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు (లూకా 3:13). నిర్ణయించబడినది ఎంతో కట్టేవానికి కూడా తెలిసినప్పుడే ఈ ఆజ్ఞకు బలం వస్తుంది. రోమా సుంకపు విధానంలో ఆ లెక్క సామాన్యునికి తెలిసేది కాదు, సుంకరి సంపాదన ఆ చీకటిలోనే ఉండేది.

2005 అక్టోబరు 12 నుండి పూర్తిగా అమలులోకి వచ్చిన సమాచార హక్కు చట్టం 4(1)(బి) సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన అధికారాలు, నిర్ణయాలు తీసుకొనే పద్ధతి, బడ్జెట్, లబ్ధిదారుల వివరాలు మొదలైన 17 అంశాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. ఒక కార్యాలయంలో అడుగుపెట్టినప్పుడు రుసుములెంత, ఎన్ని రోజుల్లో పని అవుతుంది, అప్పీలు ఎవరికి అనే మూడు సంగతులు గోడ మీద కనబడుతున్నాయా? ఇది ఏ విద్యార్థి అయినా పది నిమిషాల్లో చేయగల పరీక్ష.

(ఆ) అడిగితే గడువులోగా జవాబు వస్తుందా?

అదే చట్టం ప్రకారం 30 రోజులలోగా సమాచారం ఇవ్వాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లో ఇవ్వాలి. మన రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా రుసుము లేదు. జవాబు రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, తరువాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు చేసుకోవచ్చు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

కాగితం మీద ఇది బలమైన ఏర్పాటు. అయితే తెలంగాణ సమాచార కమిషన్ 2023 ఫిబ్రవరి నుండి 2025 మే నెలలో కొత్త నియామకాలు జరిగేవరకు ఒక్క కమిషనరు కూడా లేకుండా ఉండిపోయింది. రెండేళ్ళకు పైగా రెండవ అప్పీలు వినేవారే లేరు. చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు, కుర్చీ ఖాళీగా ఉంచారు, అంతే. పైగా 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ద్వారా సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్ సవరించబడింది. ఆ సవరణ 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. వ్యక్తిగత సమాచారమన్న కారణంతో నిరాకరించడం ఇప్పుడు మునుపటికంటే సులభం. ప్రజా ప్రయోజనం అధికమైతే ఇవ్వవచ్చునన్న 8(2) సెక్షన్ మాత్రం నిలిచే ఉంది. దరఖాస్తులు వ్రాసిపెట్టేవారు ఇకమీదట ప్రజా ప్రయోజనాన్ని స్పష్టంగా పేర్కొనడం మంచిది. అందుచేత రక్షణ ఏర్పాటును అంచనా వేసేటప్పుడు "చట్టం ఉందా?" అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. "కుర్చీలో మనిషి ఉన్నాడా?" అన్నది రెండవది.

(ఇ) ఒకరి నిర్ణయాన్ని మరొకరు పరిశీలించగలరా?

భూమి రికార్డుల చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థలో అవినీతి పెరిగిందన్న కారణంతో 2020 సెప్టెంబరులో ఆ పదవులు రద్దయ్యాయి. అదే సంవత్సరం అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేసారి జరగడం మంచి మార్పే. గాని తప్పు పడిన చోట దిద్దుకొనే దారి ఇరుకైంది. తహశీల్దారుకు, రెవెన్యూ డివిజనల్ అధికారికి ఉండిన విచారణ అధికారాలు పోయి, సవరణలు కలెక్టరు దగ్గరకు చేరాయి. వివాదాలకు సివిల్ కోర్టే గతి అయ్యింది. సర్వే నంబరు పొరపాటున నిషేధిత జాబితాలో పడిన చిన్న రైతు నెలల తరబడి తిరగవలసి వచ్చింది. 2025 భూభారతి చట్టం క్రింద అదే సంవత్సరం ఏప్రిల్ 14న కొత్త పోర్టల్ మొదలైంది. ఈ చట్టం అప్పీలు మెట్లను, భూమి ట్రిబ్యునళ్ళను మళ్ళీ ఏర్పాటు చేసింది. గ్రామ పాలనాధికారులు తిరిగి నియమించబడ్డారు.

ఇందులోని పాఠం ఏమంటే, మనిషిని తీసివేసి యంత్రాన్ని పెట్టినంత మాత్రాన అవినీతి పోదు. యంత్రంలోని తప్పును దిద్దే అధికారం ఎక్కడో ఒకచోట ఉండక తప్పదు. ఆ అధికారం ఎంత కొద్దిమంది చేతుల్లో ఉంటే దాని వెల అంత పెరిగే ప్రమాదం ఉంది. యిత్రో సలహాలో వేయిమందికి, నూరుమందికి, యాభైమందికి, పదిమందికి న్యాయాధిపతులను మెట్లుగా ఏర్పరచి, కఠినమైన వ్యాజ్యాలను మోషే దగ్గరకు తెచ్చే మార్గం ఉంచడం ఇందుకే గమనించదగినది.

(ఈ) తప్పు తేలితే శిక్ష పడుతుందా, సొమ్ము తిరిగి వస్తుందా?

అవినీతి నిరోధక శాఖ మన ప్రాంతంలో 1961 నుండి ఉంది. దాని ఉచిత ఫోను నంబరు 1064. ఫినాఫ్తలీన్ పొడి చల్లిన నోట్లను ముట్టినవారి వ్రేళ్ళు సోడా ద్రావణంలో గులాబీ రంగుకు తిరగడం మనం వార్తల్లో చదువుతూనే ఉంటాం. అయితే పట్టుబడడం వేరు, శిక్షపడడం వేరు. అభియోగం మోపడానికి ప్రభుత్వ అనుమతి కావాలి, సాక్షులు నిలబడాలి, లంచం అడిగినట్లు రుజువు కావాలి. ఫిర్యాదుదారుడు మరణించినా, మాట మార్చినా, ఇతర సాక్ష్యాధారాలతో ఆ సంగతిని రుజువు చేయవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2022 డిసెంబరులో తీర్పు చెప్పింది. అపొస్తలుల కార్యములు 24:26లోని ఫేలిక్సును జ్ఞాపకం చేసుకొందాం. ఆయన నోరు తెరచి అడిగినట్లు లేఖనం చెప్పదు. పౌలును మాటిమాటికి పిలిపించాడు, రెండేళ్ళు విడుదల చేయలేదు. ఫైలును కదలనీయకపోవడం కూడా అడగడమే.

ఇక సామాజిక తనిఖీ. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభ ద్వారా తనిఖీని తప్పనిసరి చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుండి దీనిని దేశానికే మాదిరిగా నడిపింది. 2009లో ఇందుకోసం ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. శిక్షణ పొందిన గ్రామ యువకులు మస్టరు రోల్స్ పట్టుకొని ఇంటింటికి వెళ్ళి, "ఈ సంతకం నీదేనా? ఇన్ని రోజులు పనిచేశావా? ఇంత డబ్బు అందిందా?" అని అడిగేవారు. ఆ తరువాత మండల కేంద్రంలో అందరి ఎదుట లెక్కలు చదివేవారు. సమూయేలు సభకు మన కాలంలో ఇంత దగ్గరి పోలిక మరొకటి కనబడదు.

అయినప్పటికీ ఫలితం మిశ్రమమే. ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఐవర్సన్ అనే పరిశోధకులు 2006-2010 మధ్య ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికలను పరిశీలించారు. కూలికి సంబంధించిన ఒక్కొక్క అక్రమంలో పోయే సొమ్ము కొంత తగ్గినా, సామగ్రికి సంబంధించిన అక్రమాలు పెరిగాయని వారు కనుగొన్నారు. కూలివాడు తన హాజరును చూచి తప్పు చెప్పగలడు, సిమెంటు బిల్లును చూచి చెప్పలేడు. వెలుగు పడిన మూల నుండి అక్రమం చీకటి మూలకు జరిగింది. తప్పు తేలినా శిక్ష, వసూలు వెంటనే జరగకపోతే తనిఖీకి భయపడేవారుండరు. జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నప్పుడే (లూకా 19:8) ఆ ఇంటికి రక్షణ వచ్చిన సంగతి లోకానికి రుజువైంది.

(ఉ) అడిగినవాడు క్షేమంగా ఇంటికి చేరుతున్నాడా?

సమూయేలుకు జనులు నిర్భయంగా జవాబు చెప్పారు. మన దేశంలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టినందుకు దాడులకు గురైనవారు, ప్రాణాలు పోగొట్టుకొన్నవారు ఉన్నారు. అక్రమాలను బయటపెట్టేవారి రక్షణ కోసం 2014లో పార్లమెంటు చట్టం చేసింది. అయితే ఏళ్ళు గడిచినా దానిని అమలులోకి తీసుకురాలేదు. ఐదు ప్రశ్నలలో మన వ్యవస్థ అన్నిటికంటే బలహీనంగా ఉన్నది ఇక్కడే.

4. సంఘ కాపరికి వర్తింపు

"అయ్యగారూ, ఇవ్వకపోతే సర్టిఫికెట్ రాదంటున్నారు, ఇస్తే పాపమా?" అన్న ప్రశ్న మన సంఘాలలో చాలామంది కాపరులు విన్నదే. షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవులైన కుటుంబాలకు బి.సి.-సి ధ్రువపత్రం పిల్లవాని చదువుకు తలుపు వంటిది. ఆ తలుపు తహశీల్దారు కార్యాలయంలో ఉంది. ఇక్కడ కాపరి రెండు భేదాలు గుర్తించాలి. ఇతరుని హక్కును కాజేయడానికి ఇచ్చేది ఒకటి, తనకు రావలసినదే రాకుండా అడ్డుపడినవానికి భయపడి ఇచ్చేది మరొకటి. లేఖనాల గద్దింపు ప్రధానంగా పుచ్చుకొనేవాని మీద, న్యాయాన్ని కొనుక్కొనే బలవంతుని మీద ఉంది (ఆమోసు 5:12, మీకా 7:3). బలవంతంగా పిండబడిన పేదవానిని అదే గాటన కట్టకూడదు.

అయితే చట్టం విషయంలో అజాగ్రత్త పనికిరాదు. 2018లో సవరించబడిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం లంచం ఇవ్వడం కూడా నేరమే. ఒత్తిడికి లోనై ఇచ్చినవారు ఏడు రోజుల్లోగా పోలీసులకు లేదా దర్యాప్తు సంస్థకు తెలియజేస్తే వారికి ఆ నేరం వర్తించదు. ముందుగానే అవినీతి నిరోధక శాఖకు చెప్పి, వారి సూచన మేరకు ఇచ్చినా నేరం కాదు. ఆదివారం ఆరాధన తరువాత మన చెవిని పడిన కన్నీటి సంగతి వచ్చే ఆదివారం వరకు ఆగితే ఆ ఏడు రోజులు దాటిపోవచ్చు. "ప్రార్థన చేద్దాం" అన్న కాపరి అదే సాయంకాలం దరఖాస్తు వ్రాయడానికి, ఫోను చేయడానికి తోడు కూర్చోవాలి. పేదవాడు ఒంటరిగా కిటికీ ముందు నిలబడితే బెదిరించబడతాడు. ఐదుగురు కలిసి, రశీదు అడిగి, తేదీ వేయించుకొంటే ఆ బెదిరింపుకు బలం తగ్గుతుంది.

ఒక సంగతి స్థానిక కాపరులు ప్రత్యేకంగా గమనించాలి. 2025 డిసెంబరులో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో విలీనమైన 27 పట్టణ సంస్థలలో పెద్ద అంబర్‌పేట్ మునిసిపాలిటీ కూడా ఒకటి. అధికారం పెద్ద నగరానికి మారినప్పుడు పాత ఫైళ్ళు, పాత కౌన్సిల్ తీర్మానాలు, ఇంటి పన్ను లెక్కలు ఎవరి చేతిలో ఉన్నాయో అడిగి తెలుసుకొనేవారు స్థానికంగా ఉండాలి. లేనిపక్షంలో మన ఊరు కూడా ఒక బెయేర్షెబా అయ్యే అవకాశముంది.

5. మన ఇంటి లెక్క

ప్రభుత్వాన్ని ఈ ఐదు ప్రశ్నలు అడిగే సంఘం తనను తాను కూడా అవే అడుగుకోవాలి. యోవాషు దినాలలో మందిరపు పెట్టెలోని ద్రవ్యాన్ని రాజు ప్రధానమంత్రియు ప్రధానయాజకుడును కలిసి లెక్కించారు (2 రాజులు 12:10). ఎజ్రా వెండి బంగారాలను తూచి అప్పగించి, యెరూషలేములో మరల తూచి తీసుకొనేలా చేశాడు (ఎజ్రా 8:24-34). పౌలు పేదల కానుకను ఒంటరిగా మోయక, సంఘాలు ఏర్పరచిన సహోదరుని తోడు తీసుకొని, మనుష్యుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలన్నాడు (2 కొరింథీయులకు 8:18-21). వీరిలో ఎవరూ "నన్ను నమ్మండి, నేను దైవజనుడను" అని లెక్కను తప్పించుకోలేదు.

మన సంఘాలలో అనేకం 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం క్రింద నమోదైనవి. ఏటేటా కార్యవర్గ జాబితా రిజిస్ట్రారుకు పంపాలి, లెక్కలు ఆడిట్ చేయించి సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలి. విదేశీ విరాళాలు పొందేవారు 2010 నాటి చట్టం ప్రకారం వార్షిక రిటర్ను సమర్పించాలి. ఇవి ప్రభుత్వం మోపిన భారమని గొణుగుకోవడం కంటే, సమూయేలు స్వయంగా పిలిచిన సభవంటివని భావించడం మేలు. వార్షిక లెక్కల కాగితాన్ని మందిరపు నోటీసు బోర్డు మీద అంటించడానికి ఏ చట్టం అనుమతీ అక్కరలేదు. ఆ కాగితం లేని సంఘం నుండి లంచానికి వ్యతిరేకంగా వెలువడే ప్రసంగాన్ని ఊరివారు ఎంతవరకు లక్ష్యపెడతారు?

ముగింపు

అధికారుల కొరకు ప్రార్థించుమని 1 తిమోతి 2:1-2 మనకు ఆజ్ఞాపిస్తోంది. ఆ ప్రార్థన మంచి మనుష్యుల కొరకు మాత్రమే కాక, మంచి మనుష్యుడు కూడా లెక్క ఒప్పజెప్పవలసిన మంచి ఏర్పాట్ల కొరకు కూడా ఉండాలి. కనబడడం, గడువులో జవాబు, అప్పీలు, శిక్షతోపాటు తిరిగి చెల్లింపు, అడిగినవానికి క్షేమం – ఈ ఐదింటిలో ఏది లోపించినా మిగిలిన నాలుగూ బలహీనపడతాయి. వేదాంత విద్యార్థులు తమ క్షేత్ర సేవలో భాగంగా ఒక్క కార్యాలయాన్ని ఎంచుకొని ఈ ఐదు ప్రశ్నలతో పరిశీలించి, తాము చూచినది మాత్రమే వ్రాసి, ముందుగా ఆ అధికారికే చూపించి, ఆయన జవాబును కూడా చేర్చి సంఘం ముందు ఉంచవచ్చు. నిందవేయడానికి కాదు, నిజాయితీగా పనిచేసే ఉద్యోగికి సాక్షులుగా నిలబడడానికి కూడా ఆ నివేదిక ఉపయోగపడుతుంది. సమూయేలుకు ఆ దినాన జనులు అలాంటి సాక్ష్యమే ఇచ్చారు.